నవీన కట్టిన వరసలు

సుబ్రమణ్యం గొంతులో గడ్డ ఉందని తేలేనాటికి ఆయన తోటలో మామిడి పిందెలు గోళీకాయలంత ఉన్నాయి. కాయ కోతకొచ్చేలోగా వైద్యం ముగుస్తుందని తిరుపతి ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ అక్కర్లేదు, ఆదివారం తప్పించి రోజూ వచ్చి కరెంటు పెట్టించుకోవాలి, అంతే అన్నాడు. కరెంటు పెట్టడమంటే ఏమిటో సుబ్రమణ్యానికి తెలియదు. ఊళ్లో ఎవరికో పెట్టారని విన్నాడు. ఆ మనిషి ఇప్పటికీ శుభ్రంగా తిరుగుతున్నాడని కూడా విన్నాడు. అది చాలనుకున్నాడు. ఐరాల దగ్గరి పల్లెలో ఉన్న తోటను తమ్ముడు నారాయణకు అప్పజెప్పి, భార్య చంద్రకాంతమ్మను వెంటబెట్టుకుని తిరుపతిలో కొడుకు ఇంటికి చేరాడు.

కొడుకు గిరిప్రసాద్ యూనివర్సిటీ ఆఫీసులో పని చేస్తాడు. కోడలు నవీనది నగరి. ఆమె పుట్టింట్లో ఇప్పటికీ మరమగ్గాలు ఆడుతుంటాయి. తిరుపతిలోనే ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతుంది. వాళ్లిద్దరూ ఇష్టపడి చేసుకున్న పెళ్లి. సుబ్రమణ్యం దానికి అడ్డు చెప్పలేదు, అలాగని కోడలితో చనువుగా మాట్లాడిందీ లేదు. ఎప్పుడైనా కలిస్తే "బాగుండావా అమ్మా" అనేవాడు. "బాగుండాను మామా" అనేది ఆమె. అక్కడితో ఇద్దరి మాటలూ అయిపోయేవి.

నవీనకు ఒక సరదా ఉంది. ఇంట్లో పుట్టినరోజు అయినా, చుట్టాలు వచ్చినా, గాజు గ్లాసుల్లో పండ్ల గుజ్జూ మీగడా బిస్కెట్ల పొడీ వరసలు వరసలుగా పోసి, ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా ఇస్తుంది. గృహప్రవేశం రోజున సుబ్రమణ్యం చేతికీ ఒకటి వచ్చింది. ఆయన దాన్ని ఎత్తి పట్టుకుని చూసి, బొమ్మల అంగట్లో సామాను మాదిరి ఉండాదే అని నవ్వి, పక్కనున్న వాళ్లకు ఇచ్చేశాడు. ఆయన తిండి వేరు. పొద్దున్నే రాగి సంగటి ముద్ద, అందులోకి శనక్కాయల ఊరుబిండి పచ్చడి ఉండాలి. మామిడి పండు తినాలంటే చెట్టు కింద నిలబడి, మోచేతి దాకా రసం కారేలా తినాలి. గ్లాసులో పోసి చెంచాతో తినేది ఆయన లెక్కలో పండే కాదు.

మొదటి రోజులు సులువుగానే గడిచాయి. గిరిప్రసాద్ ఆఫీసుకు వెళ్లేముందు బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్లేవాడు. యంత్రం కింద కాసేపు పడుకోబెట్టి లేపేవారు. నొప్పీ లేదు, వేడీ లేదు. ఈ మాత్రానికేనా ఇంత భయపడింది అనుకున్నాడు. ఆ తర్వాత గొంతు బిగుసుకోవడం మొదలైంది. ముందు కారం పడలేదు. తర్వాత సంగటి దిగలేదు. ఆ తర్వాత గుజ్జుగా పిసికిన పెరుగన్నం మింగినా ముళ్లకంప గీసుకుపోయినట్టయింది. నోరంతా పొక్కింది. మాట గుసగుసగా మారి, ఒకరోజు అదీ పోయింది. వీటన్నిటికంటే ఆయనను బెదరగొట్టింది నాలుక మొద్దుబారడం. ఉప్పు తెలియడం లేదు, తీపి తెలియడం లేదు. ఏది నోట్లో పెట్టినా తడిసిన అట్టముక్క నమిలినట్టే ఉంది.

డాక్టరు బరువు చూసి తల అడ్డంగా ఊపాడు. మనిషి ఇంకా నీరసిస్తే వైద్యం మధ్యలో ఆపాల్సి వస్తుందని, అలా ఆపడం మంచిది కాదని గిరిప్రసాద్‌కు వివరించాడు. వచ్చే వారానికి కూడా బరువు ఇలాగే తగ్గితే ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం పోయించాలన్నాడు. గొట్టం అంటే ఏమిటో సుబ్రమణ్యానికి తెలుసు. రోజూ తన పక్కన బెంచీ మీద కూర్చునే మునెయ్యకు వేశారు. శ్రీకాళహస్తి వైపు మనిషి, తన కబుర్లతో ఆ వరండా అంతా నవ్వించేవాడు. గొట్టం వేసిన రోజు నుంచి ముఖం మీద తువ్వాలు కప్పుకుని గోడవైపు తిరిగి కూర్చుంటున్నాడు. ఆ తువ్వాలే సుబ్రమణ్యం కళ్లలో మెదులుతూ ఉండేది.

చంద్రకాంతమ్మ తనకు తెలిసినవన్నీ చేసి చూసింది. గంజి కాచింది, బార్లీ కాచింది, జావ పలచగా చేసింది. ఆయన రెండు గుక్కలు మింగి కళ్లు మూసుకునేవాడు. ఇంకొక్క గుక్క అని ఆమె బతిమాలితే ముఖం తిప్పుకునేవాడు. ఆమె గిన్నె పట్టుకుని వెనక వాకిట్లోకి వెళ్లి, కొంగుతో ముఖం తుడుచుకుని తిరిగి వచ్చేది.

బడికి వేసవి సెలవులు ఇచ్చిన రోజున నవీన ఒక గ్లాసు తయారు చేసి తెచ్చింది. కింద మామిడి గుజ్జు, మధ్యలో మీగడ, పైన గడ్డకట్టించిన కమలా రసం. చల్లగా ఉంటే మంట తెలియకుండా దిగుతుందని ఆమె ఆలోచన. సుబ్రమణ్యం ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. చల్లదనం తగిలినప్పుడు ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆ వెంటనే కమలా పులుపు పుండ్ల మీద నిప్పులా పడింది. ఆయన చేయి విసిరాడు. గ్లాసు నేల మీద పడి ముక్కలైంది.

చంద్రకాంతమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది. భర్త కళ్లలో నీళ్లు చూసి ఆమె కోపం ఆపుకోలేకపోయింది.

"ఆ షోకు తిండి ఆయనకెందుకమ్మా. జావే దిగడం లేదంటే."

నవీన గాజు ముక్కలు ఏరి, నేల తుడిచి, చేతులు కడుక్కుని వచ్చి మంచం పక్కన కింద కూర్చుంది. చల్లదనం హాయిగా ఉందా అని అడిగింది. ఆయన తల ఊపాడు. మండింది పులుపేనా అంటే మళ్లీ ఊపాడు. మీగడ సంగతి అడిగితే అదేం చేయలేదన్నట్టు చేయి తిప్పాడు.

"అయితే తప్పు చల్లదనానిది కాదు మామా, నేను పోసిన పండుది. ఏది మండుతుందో ఏది మండదో నేను కనుక్కుంటాను. రేపటిదాకా ఓపిక పట్టండి" అంది.

ఎలా కనుక్కుంటుందో ఆయనకు తెలియలేదు. ఆయన మంచం హాల్లో వేశారు, అక్కడి నుంచి వంటిల్లంతా కనిపిస్తుంది. మర్నాడు కాఫీ వేళకు నవీన పొయ్యి మీద పొంగుతున్న కాఫీని గ్లాసులో పోసుకుని, ఊదకుండా, తిరగబోయకుండా ఒక గుక్క నోట్లోకి తీసుకుంది. మింగలేదు. కళ్లు గట్టిగా మూసుకుని అలాగే పట్టి ఉంచింది. కళ్ల చివర్లలో నీళ్లు చిమ్మాయి. సింకులో ఉమ్మేసి, రెండు చేతులతో గట్టు పట్టుకుని నిలబడింది. పొరపాటున తాగి నోరు కాల్చుకుందని సుబ్రమణ్యం అనుకున్నాడు. కానీ ఆమె ఫ్రిజ్ తెరిచి ఒక పళ్లెం బయటికి తీసింది. అందులో అనాస, ద్రాక్ష, బొప్పాయి, అరటి, సపోటా, కర్బూజా, తాటి ముంజ, మామిడి ముక్కలు ముందే కోసిపెట్టి ఉన్నాయి. ఒక్కొక్క ముక్కనూ కాలిన నాలుక మీద ఉంచుకుని ఆగింది. అనాసకు ఒళ్లు జలదరించి ఉమ్మేసింది. ద్రాక్ష కూడా పక్కకు పోయింది. ముంజ ముక్క పెట్టుకున్నప్పుడు మాత్రం ఆమె భుజాలు కిందికి దిగాయి. మామిడిలో కొంచెం దోరగా ఉన్నది పనికిరాలేదు, బాగా మాగిన బేనీషా పాలతో కలిపితే పనికొచ్చింది.

చంద్రకాంతమ్మ కూడా గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది.

"ఎందుకు తల్లీ ఇట్ల నోరు కాల్చుకున్నావు" అని అడిగింది.

నవీనకు మాట ముద్దముద్దగా వచ్చింది. "మామను అడిగి తెలుసుకోవాలంటే ఆయన మళ్లీ మళ్లీ మండించుకోవాల కదత్తా. నాదైతే రెండు రోజుల్లో మానిపోతాది."

సుబ్రమణ్యం గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిన్న చేయి విసిరినందుకు ఆ పిల్ల అలుగుతుందేమో అనుకున్నాడు. జాలిపడినా జాలిపడుతుందేమో అనుకున్నాడు. తన నోటి బాధ ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఒక మనిషి తన నోరు కాల్చుకుంటుందని ఆయనకు తోచనే లేదు. ఆసుపత్రిలో ఇంతమంది ఎలా ఉందని అడిగారు. నవీన అడగకుండా వచ్చి ఆ బాధ పక్కన కూర్చున్నట్టు అనిపించింది ఆయనకు.

ఆ సాయంత్రం వంటింట్లో అత్తాకోడళ్లు చాలాసేపు మాట్లాడుకున్నారు. మామకు అన్నిటికన్నా ఇష్టమైంది ఏమిటని నవీన అడిగింది. ఇంకేముంది, సంగటే, అది ఇప్పుడు యాడ దిగుతుందని చంద్రకాంతమ్మ అంది. అయితే సంగటినే దింపుదామంది నవీన. రాగులు నానబెట్టించింది. పొద్దున్నే చంద్రకాంతమ్మ వాటిని రుబ్బి, పలచని గుడ్డలో వేసి పాలు పిండింది. ఆ పాలను సన్నని సెగ మీద కలుపుతూ కాస్తే చిక్కబడి, చల్లారాక జున్నులా నిలబడింది. ఆసుపత్రిలో తిండి సంగతులు చూసే ఆమెను నవీన ముందే కలిసి, ఏవి పెట్టవచ్చో, బలానికి ఏవి కలపాలో అడిగి వచ్చింది. పాలపొడి కలపమన్నారు, పులవని పెరుగు నీళ్లు వడగట్టి వాడమన్నారు, మరీ గడ్డకట్టే చలువ వద్దన్నారు.

ఆ రోజు మధ్యాహ్నం సుబ్రమణ్యం చేతికి వచ్చిన గ్లాసు ఆయన ఎన్నటికీ మరిచిపోలేదు. అడుగున ముదురు ఇటుక రంగు. దాని మీద తెల్లటి పెరుగు. ఆ పైన బొప్పాయి ఎరుపు. దాని మీద లేత కొబ్బరినీళ్లతో కలిపి గడ్డకట్టించిన ముంజల వరస, అద్దంలా, అవతల ఉన్న కిటికీ కనిపించేలా. అన్నిటికీ పైన పాలు కలిపిన మామిడి. ఏ రంగూ పక్క రంగులోకి పాకలేదు. మధ్య గీతలు తాడు పట్టి గీసినట్టున్నాయి. గ్లాసు బయట చెమట పట్టింది.

"రుచి తెలియడం లేదని నాకు తెలుసు మామా. నాలుక బాగయ్యేదాకా కంటితో తినండి. ఏ రంగు కావాలంటే ఆ రంగులో చెంచా పెట్టండి" అంది నవీన.

ఆయన పైవన్నీ దాటి చెంచాను అడుగు దాకా దించాడు. నోట్లో పెట్టుకోగానే మెత్తగా, బరువుగా, చల్లగా జారింది. రుచి లేదు, నిజమే. కానీ ఆ జారడం ఆయన గొంతుకు తెలుసు. తలెత్తి భార్యను చూశాడు.

"రాగులే" అంది చంద్రకాంతమ్మ.

ఆయన ఇంకో చెంచా తీసుకున్నాడు. తర్వాత ముంజల వరస, తర్వాత మళ్లీ రాగులు. మధ్యమధ్యలో ఆగుతూ, కళ్లు మూసుకుని తెరుస్తూ, ఆ గ్లాసును అడుగంటా తిన్నాడు. ఖాళీ గ్లాసు తీసుకుని నవీన మామూలుగానే లోపలికి వెళ్లింది. సింకు దగ్గర ఆ గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసుకోవడం ఆయన మంచం మీద నుంచి చూశాడు.

ఆ రోజు నుంచి సుబ్రమణ్యం వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకున్నాడు. పొద్దున్నే ఆసుపత్రి నుంచి రాగానే అక్కడ కూర్చునేవాడు. నవీన చేతులు పని చేస్తుంటే చూడటం ఆయనకు కాలక్షేపంగా మొదలై, తర్వాత అదే ఆ రోజుకు ముఖ్యమైన పనైంది. గుజ్జును జల్లెడలో వేసి ఒక్క పీచు కూడా లేకుండా తీసేది. గుజ్జు గడ్డకట్టి నిలబడటానికి చైనా గ్రాస్‌ను నీళ్లలో కరిగించి చిటికెడంత కలిపేది, ఎక్కువైతే రబ్బరులా సాగుతుంది, తక్కువైతే నిలబడదు. కొత్త వరస పోసేటప్పుడు చెంచాను బోర్లించి, దాని వీపు మీద సన్నటి ధారగా పోసేది, కింది వరసకు దెబ్బ తగలకుండా. ఒక్కోరోజు గిన్నెలో బియ్యం పోసి, అందులో గ్లాసును వాలుగా నిలబెట్టి పోసేది. అది గట్టిపడ్డాక గ్లాసును నిలువుగా పెడితే రంగులు కొండవాలులా ఏటవాలుగా కనిపించేవి.

రంగులు ఎంచుకోవడంలోనూ ఆమెది తొందరపాటు కాదు. నగరిలో వాళ్ల నాయన చీరకు అంచు రంగు ఎంచేటప్పుడు నూలు కండెలు పక్కపక్కన పెట్టి, దూరంగా వెళ్లి నిలబడి చూసేవాడట. ఆమె కూడా గిన్నెలు పక్కపక్కన పెట్టి, వెనక్కి జరిగి చూసేది. సపోటా పక్కన అరటి పెడితే రెండూ చప్పబడతాయి, మధ్యలో తెలుపు పడాలి అనేది. తినేది ఒక్క మనిషి, అదీ రుచి తెలియని మనిషి. ఆ ఒక్క మనిషి కోసం ఆమె పెళ్లిపట్టు చీర నేసినంత శ్రద్ధ పెట్టేది.

ఒకరోజు పని చేస్తూ చేస్తూ ఆమె తనలో తాను అనుకుంటున్నట్టు చెప్పింది. "కింది పొర పూర్తిగా గట్టిపడినాక పోస్తే మీది పొర దానికి అతకదు మామా. చెంచా పెడితే జారిపోతాది. గట్టిపడకముందు పోస్తే రెండూ కలిసిపోతాయి. వేలు పెడితే అంటుకోవాల, వేలు లోపలికి దిగకూడదు. ఆ పదును కాసేపే ఉంటుంది."

సుబ్రమణ్యం కుర్చీలోంచి లేచాడు. ఆ పదును ఆయనకు తెలుసు. మామిడి అంటు కట్టేటప్పుడు వేరు మొక్క కొమ్మనూ తల్లి కొమ్మనూ చెక్కి కలిపే సమయం అదే. చెక్కిన చోట తడి ఉండాలి, నీరు కారకూడదు. ఆరిపోతే అతకదు. ఎంతమందికి చూపించినా ఆ తడి పట్టుకున్నవాళ్లు చాలా కొద్దిమంది. ఇప్పుడు ఈ పిల్ల గ్లాసులో అదే మాట చెబుతోంది. ఆమెకు చెప్పాలని నోరు తెరిచాడు, గాలి తప్ప మాట రాలేదు. రెండు చూపుడు వేళ్లు పక్కపక్కన ఆనించి, వాటి చుట్టూ పురికొస చుట్టినట్టు చేయి తిప్పి చూపించాడు.

నవీన చేతిలో చెంచా పక్కన పెట్టి ఆ వేళ్లను చూసింది. "అంటు కట్టేదా మామా?"

ఆయన తల గట్టిగా ఊపాడు. అన్నాళ్లలో ఆయన ముఖంలో నవ్వు చూడటం చంద్రకాంతమ్మకు అదే మొదలు.

ఆ తర్వాత నుంచి ప్రతి గ్లాసుకూ ఆయన చేయి పడాల్సిందే. నవీన "అంటు పదునుకు వచ్చిందా సూడండి మామా" అని గ్లాసు ముందుకు పెట్టేది. ఆయన సబ్బుతో చేయి కడుక్కుని, చిటికెన వేలి కొసతో వరసను తాకి, ఆగమనో పోయమనో సైగ చేసేవాడు. ఆయన పోయమన్నాక పోసిన వరస ఒక్కటీ జారలేదు. అన్నేళ్లలో మాట్లాడుకోని మామా కోడళ్లు, ఒకరికి మాటే లేని రోజుల్లో పొద్దంతా మాట్లాడుకుంటున్నారని గిరిప్రసాద్ వాళ్లమ్మతో అన్నాడు.

డాక్టరు మళ్లీ బరువు చూస్తానన్న రోజుకు ముందురోజు మధ్యాహ్నం గాలివాన వచ్చింది. వీధి చివర చెట్టు కరెంటు తీగల మీద పడింది. సాయంత్రం దాకా కరెంటు రాదన్నారు. అప్పుడే పోసిన గ్లాసులు ఫ్రిజ్‌లో పలచగా ఊగుతున్నాయి. వెచ్చటిదేదీ సుబ్రమణ్యం గొంతు దగ్గరికి రానివ్వడు. పొద్దున తిన్నది తప్ప కడుపులో ఏమీ లేదు. ఈ ఒక్క పూటకు నీళ్లతో సరిపెట్టుకుంటానని ఆయన సైగ చేశాడు. నవీన ఒప్పుకోలేదు. గొడుగు తీసుకుని వానలోనే వీధి మొదట్లో చెరకు రసం బండి పెట్టే కోదండం ఇంటికి వెళ్లింది. ఎవరి కోసమో చెప్పింది. కోదండం పొట్టులో కప్పిపెట్టిన ఐసుగడ్డను గోనెసంచిలో చుట్టి, తానే మోసుకొచ్చి వంటింట్లో దించాడు. నవీన దాన్ని పగలగొట్టి, స్టీలు బకెట్లో వేసి, గుప్పెడు గుప్పెడు ఉప్పు చల్లింది. ఉప్పు పడితే ఐసు ఇంకా చల్లబడుతుందని పిల్లలకు పాఠం చెప్పేది ఆమే కదా. గ్లాసులకు మూతలు బిగించి అందులో దించి, మీద తడిగుడ్డ కప్పింది. పొద్దు వాలకముందే వరసలు నిలబడ్డాయి. కొవ్వొత్తి వెలుగులో ఆ ముంజల వరస మెరుస్తుంటే చంద్రకాంతమ్మ దిష్టి తీసినట్టు గ్లాసు చుట్టూ చేయి తిప్పి భర్తకు ఇచ్చింది.

మర్నాడు నవీన కూడా ఆసుపత్రికి వెంట వచ్చింది. బరువు తగ్గలేదు. డాక్టరు కాగితం వైపు, మనిషి వైపు చూసి, ఇక గొట్టం అవసరం లేదన్నాడు. ఏం పెడుతున్నారని అడిగితే గిరిప్రసాద్ చెప్పాడు. డాక్టరు నవీన వైపు తిరిగి చిన్నగా తల వంచాడు. అది చూసి సుబ్రమణ్యానికి తనకే సన్మానం జరిగినట్టయింది.

వరండాలో మునెయ్య భార్య దేవకమ్మ కూడా అదంతా విన్నది. మొహమాటపడుతూనే నవీన దగ్గరికి వచ్చి, మా ఆయనకు గొట్టం తీసినాక మొదట అదే పెడతాను, నేర్పిస్తావా తల్లీ అని అడిగింది. నవీన ఆమెను ఆటోలో ఇంటికి తీసుకొచ్చి, రాగుల పాలు పిండటం దగ్గర నుంచి అన్నీ చేసి చూపించింది. వాళ్లు అద్దెకున్న గదిలో ఫ్రిజ్ లేదంటే మట్టికుండలో ఐసు పెట్టుకునే పద్ధతి చెప్పింది. గొట్టం వల్లే మునెయ్యకు బలం నిలిచింది, దాన్ని చూసి సిగ్గుపడాల్సిందేమీ లేదని ఆయనకు చెప్పమంది. తర్వాత కొన్నాళ్లకు మునెయ్య గొట్టం లేకుండా, తువ్వాలు భుజం మీద వేసుకుని బెంచీ మీదికి వచ్చాడు. సుబ్రమణ్యాన్ని చూసి చెంచాతో తింటున్నట్టు అభినయించి, బొటనవేలు పైకెత్తాడు. ఇద్దరు మాటల్లేని మనుషులూ చాలాసేపు అలా సైగలతోనే కబుర్లు చెప్పుకున్నారు.

వైద్యం ముగిసి, కొన్నాళ్లు కొడుకు ఇంట్లోనే తేరుకుని ఊరికి వచ్చేసరికి బేనీషా కోత అయిపోయింది, తోతాపురి లారీలకు ఎక్కుతోంది. సుబ్రమణ్యానికి గుసగుసలాంటి మాట తిరిగొచ్చింది. చూడటానికి వచ్చినవాళ్లంతా మనిషి ఇంత తేరుకున్నాడని ఆశ్చర్యపోయారు. ఏం మందు వాడినారన్నా అని నారాయణ అడిగాడు. అప్పటికి చాన్నాళ్లుగా రెండు మాటలకు మించి మాట్లాడని సుబ్రమణ్యం, ఊపిరి కూడగట్టుకుని, ఆగి ఆగి చెప్పాడు.

"మందు డాక్టర్లు ఇచ్చినారు రా. మనిషిని నిలబెట్టింది మా నవీన. నా నోరు ఎట్లుండాదో తెలుసుకునేదానికి తన నోరు కాల్చుకునింది ఆ బిడ్డ. అట్లా మనిషిని నేను యాడా సూళ్లేదు."

అంత మాట్లాడాక ఆయాసపడి గోడకు ఆనుకున్నాడు.

ఊళ్లో ఆ పని చంద్రకాంతమ్మ తీసుకుంది. మొదట్లో ఆమె వరసలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి గ్లాసంతా బురదగా కనిపించేది. సుబ్రమణ్యం పక్కన కూర్చుని పదును చూసి చెప్పేవాడు. మెల్లమెల్లగా ఆమెకూ చేయి కుదిరింది. మింగడం తేలికైంది, మెత్తటి అన్నం దిగింది. నాలుకకు రుచి మాత్రం తిరిగి రాలేదు. నెలలు పడుతుందని, కొందరికి పూర్తిగా రాకపోవచ్చని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. నవీన ఫోన్ చేసినప్పుడల్లా ఆ సంగతి అడగదు. ఈరోజు ఏ రంగులు పోశారని మాత్రం అడుగుతుంది.

వానలు పడి గట్ల మీద సీతాఫలాలు కళ్లు విప్పాయి. ఒక మధ్యాహ్నం చంద్రకాంతమ్మ వాటి గుజ్జును గింజ లేకుండా వడగట్టి, కింద రాగులు, పైన పెరుగు పెట్టి, మధ్యలో అది పోసింది. సుబ్రమణ్యం అలవాటుగా తింటూ చెంచా నోట్లో ఉండగానే ఆగిపోయాడు. ఎక్కడో నాలుక వెనకవైపు, చాలా సన్నగా, ఏదో కదిలింది. ఇంకో చెంచా పెట్టుకుని, మింగకుండా పట్టి చూశాడు. మళ్లీ కదిలింది. ఆయన భార్యతో కూడా చెప్పకుండా ఫోన్ అందుకున్నాడు.

నవీన బడిలో ఉంది. మధ్యాహ్నం బెల్లు కొట్టినట్టున్నారు, వెనక పిల్లల గోల వినిపిస్తోంది. ఏమైంది మామా అని కంగారుగా అడిగింది.

"అమ్మా, తీపి తెలిసింది" అన్నాడాయన.

ఆమె అక్కడి నుంచి నడిచి ఎక్కడికో పక్కకు వెళ్లినట్టు పిల్లల గోల సన్నబడింది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు, తర్వాత ఆమె గొంతు, క్లాసులో ప్రశ్న అడిగినంత నిదానంగా.

"ఏ వరసలో మామా?"

"నడిమి దాంట్లో. సీతాఫలం."

"అడుగున ఉండేది తిని సూడండి."

ఆయన చెంచా దించి రాగుల వరస తీసుకున్నాడు. నాలుక మీద అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఇంకా తెలీలేదు తల్లీ."

"తెలుస్తుంది మామా. నిదానంగా మొత్తం తినండి. నేను పెట్టేయను, ఫోన్లోనే ఉంటాను" అంది నవీన.

ఆయన ఫోను మంచం మీద పెట్టి, భార్య చేత స్పీకరు నొక్కించుకుని, గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు.